డీజిల్ ముల్లు

మా ఆయన తలకాయ మీద నాకు మొదటిసారి అనుమానం కలిగింది పామర్రు దగ్గర. అంతకుముందు నా అనుమానాలన్నీ ఆయన బద్ధకం మీదే ఉండేవి.

మాది నాగాయలంక. ఆయన ముప్పై ఏళ్లుగా చేపలు తోలుతున్నారు. రేవులో పడవలు దిగగానే పండుగప్పలూ రొయ్యలూ పీతలూ ఐసు పెట్టెల్లో సర్దించి గుడివాడ మార్కెట్టుకి చేర్చడం ఆయన పని. నేను ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి ఎక్కాలు నేర్పి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. నా నోటి సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన నాకు మా ఊళ్లో అద్దెకి కూడా ఇల్లు దొరక్కూడదు. పిల్లలకి చెప్పిచెప్పి గొంతు అలా అయిపోయిందని నేను సర్ది చెప్పుకుంటాను గానీ, మా అమ్మ మాత్రం నువ్వు పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపే మూడు వీధులు వినబడిందే అనేది.

మా బండి పాత పికప్పు. పన్నెండేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నాం. ఉప్పుగాలికి డోర్ల అంచులు చిల్లులు పడ్డాయి. దాని రోగాలన్నిటికీ మా ఆయన దగ్గర ఒకటే మందు, వల దారం. వైపరు ఊడిపోతే దారం, అద్దం వదులైతే దారం, నా వైపు డోరు హ్యాండిల్ విరిగితే దాని స్థానంలో చక్కగా అల్లిన దారం ఉచ్చు. వలలు కట్టే ఇంట్లో పుట్టిన మనిషి చేతికి స్పానరు కంటే ముందు దారం వస్తుంది. ప్రతి ముడినీ నాకు చూపించి, బాగుందా టీచరుగారూ అని అడిగేవారు. నాలుగు డబ్బులు పారేస్తే కొత్తది వచ్చేదానికి ఈ కక్కుర్తి ఏంటండీ అని నేను గయ్యిమనేదాన్ని.

డీజిల్ ముల్లు మూడేళ్ల కిందట పాడైంది. ట్యాంకులో ఎంత తక్కువ ఉన్నా ముల్లు పావుకి కిందకి దిగేది కాదు. ఆయన దాన్ని బాగు చేయించకపోగా, గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

“ముల్లు దేనికి? నా తలకాయే మీటరు. ఎక్కడ పోయించానో, ఎన్ని కిలోమీటర్లు తిరిగానో మొత్తం ఇక్కడుంటది” అని కణత మీద వేలితో కొట్టి చూపించేవారు.

నిజమేననుకున్నాం. మూడేళ్లలో ఒక్కసారి కూడా బండి ఆగలేదు. గుడివాడ మార్కెట్టులో ఆ తలకాయకి పేరు కూడా వచ్చింది. కొత్తగా బండ్లు కొన్నవాళ్లు వచ్చి, బాబాయ్ ఎలా గుర్తుపెట్టుకుంటావు అని అడిగితే, చిన్నప్పుడు చేపలు బాగా తిన్నాన్రా అనేవారు. ఆయన చిన్నప్పుడు చేప ముక్క పళ్లెంలో కనిపిస్తే లేచిపోయేవారని మా అత్తగారే నాకు చెప్పారు.

పడవలకైతే ఈ తంటా లేదు. ఇంజను ట్యాంకులో గాట్లు పెట్టిన సరుగుడు పుల్ల ముంచి, తడి ఏ గాటు దాకా వచ్చిందో చూసుకుని సముద్రంలోకి వెళ్తారు. పికప్పు ట్యాంకు గొట్టం వంకర తిరిగి ఉంటుంది కాబట్టి పుల్ల దిగదు. పుల్ల దిగకపోతే వంగేది దిగుతుంది కదా అని నేనొకసారి ఆయన లేనప్పుడు కొబ్బరి ఈనె దూర్చి చూశాను. అది సగంలో విరిగి లోపలే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పోయిన వేసవిలో చల్లపల్లి దాటాక బండి మొదటిసారి ఆగింది. ఆయన ఒక్కరే ఉన్నారు. ఫోన్ చేసి, డీజిల్ అయిపోయినట్టుందే అన్నారు. ఎవరిదో మోటారు సైకిలెక్కి బంకుకి వెళ్లి, క్యాన్లో డీజిల్ తెచ్చి పోసుకుని, పైపుల్లో పట్టిన గాలి తీసి, బండి స్టార్ట్ చేసుకుని గుడివాడ చేరేసరికి పెట్టెల్లో ఐసు నీళ్లయిపోయింది. ఆ సాయంత్రం నేను చేసిన హడావుడికి ఎదురింటివాళ్లు టీవీ ఆపుకుని మరీ విన్నారు. ఆయన అన్నం కలుపుకుంటూ, ఎక్కడో లెక్క తప్పిందిలే అన్నారు, అంతే.

పదిహేను రోజులు తిరక్కుండానే రెండోసారి. గుడివాడలో మా చుట్టాలమ్మాయి ఓణీల ఫంక్షను ఉంటే పట్టుచీర కట్టుకుని నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. వెనక రొయ్యల పెట్టెలు. పామర్రు సెంటరు ఇంకో కిలోమీటరు ఉందనగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన కిందకి దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముల్లు వంకే చూస్తూ ఉండిపోయారు.

“ముల్లు సగంలో ఉంది కదే” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఆ ముల్లు పాడైందని ఊరంతా చెప్పుకున్నది మీరే కదండీ! ఇప్పుడు దాని మీదకి తోస్తారేం? ఆడలేక మద్దెల ఓడని!” అని మొదలుపెట్టాను. రోడ్డు మీదకి దిగి, పట్టుచీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని మరీ తిట్టాను. ఎదురుగా ఆగిన బస్సులోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. ఆయన క్యాన్ పట్టుకుని తల వంచుకుని నడిచి వెళ్తున్నారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి బండి వంక చూసి, అర్థం కానట్టు తల అడ్డంగా ఊపారు.

ఆ ఊపు చూడగానే నా నోరు మూతపడింది. అచ్చం అలాగే మా బావగారు ఊపేవారు.

బావగారంటే మా ఆయన సొంత అన్నగారు. ఆయన ఒక రోజు స్కూటరు మీద అవనిగడ్డ వెళ్లి, దాన్ని బస్టాండు దగ్గర వదిలేసి, బస్సెక్కి ఇంటికొచ్చి, నా స్కూటరు ఎవడో ఎత్తుకుపోయాడని గొడవ చేశారు. అందరం పడీపడీ నవ్వాం. నేనైతే స్కూల్లో కూడా చెప్పి నవ్వించాను. మూడేళ్లు గడిచాక ఆయన మా తోడికోడల్ని, ఎవరండీ మీరు, ఎవరి కోసం వచ్చారు అని అడిగారు. ఆవిడ ఆ మాట నాకు చెప్పినప్పుడు ఏడవలేదు. గిన్నెలు తోముతూనే చెప్పింది. పోయిన ఏడాదికి ముందు ఏడు ఆయన కాలం చేశారు.

ముల్లు పాడైందన్న సంగతే మా ఆయన మర్చిపోయారని ఆ రోజు రోడ్డు మీద నిలబడి నేను అనుకున్నాను. మూడేళ్లుగా తానే చెప్పుకున్న మాట. ఎక్కడ పోయించారో గుర్తు లేదు, ఎంత తిరిగారో గుర్తు లేదు, ఏది చెడిందో కూడా గుర్తు లేదు. నాకు భయం వేసింది. అలాంటి భయం నాకు కడుపు ఆపరేషన్ చేసినప్పుడు టేబుల్ మీద కూడా వెయ్యలేదు.

అప్పటినుంచి నేను మారిపోయాను. గొంతు తగ్గించాను. గుడివాడలో కూరగాయలు తాజాగా దొరుకుతాయన్న వంకతో వారానికి నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చుని వెళ్లడం మొదలుపెట్టాను. దారిలో వేరుశనక్కాయలు ఒలిచి చేతిలో పెట్టేదాన్ని. మతికి మంచిదని సరస్వతి ఆకు పచ్చడి చేస్తే, ఇదేం పచ్చడే అనకుండా తిన్నారు. పరీక్షగా చూస్తుంటే నాకు రోజుకో రుజువు దొరికేది. నిన్న నిండా పోయించిన ట్యాంకుకి ఇవాళ మళ్లీ బంకులో ఆపేవారు. అవనిగడ్డలో పోయించి చల్లపల్లిలో మళ్లీ బండి తిప్పేవారు. నిన్ననే కదండీ పోయించారు అని మెల్లగా అంటే, ఉండనీలే, పడి ఉంటది అనేవారు. బంకులో కుర్రాళ్లు నవ్వుకునేవారు. పోయించిన సంగతి మర్చిపోతున్నారనుకుని నేను తల పక్కకి తిప్పుకుని పొలాల్లోకి చూసేదాన్ని.

ఆరు నెలలు అలా గడిచాయి. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. ముందు ముల్లు బాగు చేయించాలి. మనిషి తల మరిచినా ముల్లు గుర్తు చేస్తుంది. సరైన ముల్లు కళ్లెదురుగా ఉండి కూడా బండి మళ్లీ ఆగిందంటే ఇక తాళం నేను తీసుకోవాలి, డ్రైవర్ని పెట్టాలి, ఆయన్ని డాక్టరుకి చూపించాలి. స్టీరింగు లేకుండా ఈ మనిషి ఏమైపోతారో నాకు తెలుసు. బావగారు స్కూటరు మానేసిన ఏడాదే మంచం ఎక్కారు. అందుకే ఆ ముల్లు మీద నేను అంత ఆశ పెట్టుకున్నాను.

ఆయన మాత్రం ససేమిరా అన్నారు.

“ముసలి బండికి ముస్తాబెందుకే? రేపో మాపో అమ్మేద్దాం.”

“అమ్మేదాకా అయినా ఉండనివ్వండి.”

“ఆ మోడలు సామాన్లు ఇప్పుడు దొరకవు.”

“దొరక్కపోతే తిరిగొద్దాం. నా మాట వినండి, మీకు పుణ్యముంటుంది.”

నేను బతిమాలడం ఆయనకి కొత్త. నా మొహం వంక కాసేపు చూసి, సరేలే, రేపు గుడివాడకి చేపలు లేవు, బందరు పోదాం అన్నారు. అన్నారే గానీ, మర్నాడు పొద్దున ఉప్మా తినడానికి ముప్పావు గంట పట్టింది ఆయనకి.

బందరులో మేం వెళ్లిన షెడ్డు ఊరి మొదట్లోనే ఉంది. మెకానిక్కుకి నలభై ఏళ్లుంటాయి. పాత బండ్లంటే ఇష్టంట. వచ్చీ రాగానే ట్యాంకు మీద వేళ్లతో కొట్టి విన్నాడు, కొబ్బరికాయ కొనేవాడిలా.

“పిన్నిగారూ, మీరు లోపల కూచుని ముల్లు చూస్తా ఉండండి” అన్నాడు.

నేను క్యాబిన్లో కూర్చున్నాను. కింద అతను ట్యాంకు నుంచి వచ్చే వైరు పీకి బండి ఇనుముకి ఆనించాడు. సగంలో ఉన్న ముల్లు గబుక్కున లేచి చివరిదాకా వెళ్లింది. తీశాడు, పడిపోయింది. మళ్లీ ఆనించాడు, లేచింది.

“ముల్లు బంగారంలా ఉంది. తేడా ట్యాంకులోనే” అన్నాడు.

డీజిల్ మొత్తం క్యాన్లలోకి దింపి, పట్టీలు విప్పి, ట్యాంకుని కిందకి దించారు. దాని పైన ఒక గుండ్రటి మూత, మూతకి చుట్టూ స్క్రూలు. మా ఆయన అప్పటిదాకా పక్కనే ఉన్నారు గానీ, స్క్రూలు విప్పుతుంటే టీ చెప్పి వస్తానని వెళ్లబోయారు. టీ నేను చెప్పాను, మీరుండండి అని ఆపాను. ఆ మనిషిని కళ్ల ముందు నుంచి వదలడం నాకు అప్పట్లో ఇష్టముండేది కాదు.

మెకానిక్కు ముందు ట్యాంకు అడుగు బోల్టు విప్పి చెత్త దులిపాడు. మడ్డీ, తుప్పూ, వాటితో పాటు జానెడు ఈనె ముక్క.

“ఇదెక్కడిదండీ ఈనె?” అన్నాడు.

“ఏమో బాబూ, నాకేం తెలుసు” అన్నాను నేను, వెంటనే.

తర్వాత మూతతో పాటు దానికి వేలాడే కడ్డీని మెల్లగా వంచుతూ పైకి లాగాడు. కడ్డీ చివర తేలే గుండు ఒకటి ఉంటుంది. ట్యాంకులో డీజిల్ ఎంత ఎత్తున ఉంటే గుండు అంత ఎత్తున తేలుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. అంతే దాని విద్య. ఆ కడ్డీ ఒక పట్టాన బయటకి రాలేదు. చివర్న ఉన్నది కన్నంలో పట్టలేదు. అతను కట్టరుతో ముక్కలు ముక్కలుగా కోసి లాగాల్సి వచ్చింది. చేతిలోకి వచ్చింది చూసి ముందు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక షెడ్డంతా నవ్వు.

వల బెండు. వల నీళ్లలో మునిగిపోకుండా పై తాడుకి కట్టే బెండ్లు మా ఇంట్లో బస్తాల కొద్దీ ఉంటాయి. అలాంటిదొకటి డీజిల్ ట్యాంకులో ఉంది.

“ఎవడో మహానుభావుడు! ట్యాంకులో వల వేశాడు బాబాయిగారూ!” అని మెకానిక్కు కళ్లు తుడుచుకున్నాడు. “అసలు గుండు చిల్లుపడి ఉంటది, దాన్ని తీసేసి ఇది కట్టాడు. ఇది డీజిల్ తాగి తాగి ఉబ్బిపోయింది. కొత్తలో కొంచెం పెద్దదై పావు దగ్గర ట్యాంకు గోడకి పట్టేసేది. ఇప్పుడు ఇంకా ఉబ్బి సగం దగ్గరే పట్టేస్తోంది. ట్యాంకు నిండినా ఎండినా మీ ముల్లు సగమే చూపిస్తది.”

మా ఆయన ముందుకి వంగి ఆ ముక్కలు చూశారు.

“ఏమో అబ్బాయ్, నాకేం తెలుసు” అన్నారు.

నేను మాత్రం బెండుని చూడటం లేదు. దాన్ని కడ్డీకి కట్టిన దారం చూస్తున్నాను. రెండు చుట్లు తిప్పి, ముడి బిగించి, కొసని నిప్పుతో కాల్చి వేలితో నొక్కిన పద్ధతి. మా ఇంట్లో చీపురు నుంచి నా కళ్లజోడు కాడ దాకా అన్నిటికీ ఉన్నది ఆ ముడే. ఊళ్లో వల కట్టేవాళ్లు ఎందరున్నా ఎవరి ముడి వాళ్లకే ఉంటుంది. ఇది మా ఆయన ముడి. మూడేళ్ల కిందట ట్యాంకులో నీళ్లు చేరాయని ఆయన పెరట్లో బండి కింద దూరి రెండు రోజులు కడిగారు. అప్పుడే కట్టి ఉంటారు. తన చేత్తో కట్టి, ఇవాళ మొహంలో ఏ మార్పూ లేకుండా నాకేం తెలుసంటున్నారు.

 ముల్లు తేడా ఎందుకు వచ్చిందో తేలింది గానీ దానితో నాకేం ఒరిగింది? ఆయన ముల్లు చూసి నడిపే మనిషి కాదు కదా, తలలో లెక్క పెట్టుకునే మనిషి. ఆ లెక్క తప్పింది. ఇప్పుడు చేత్తో చేసిన పని కూడా చెరిగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేననుకున్నాను. మెకానిక్కు నా వంక చూస్తుంటే, “మేం కొన్నప్పుడే ఉండి ఉంటుందిలే బాబూ, ఆ పాత ఓనరు పనే” అన్నాను. ఆయన పరువు కాపాడటానికి ఒక్క అబద్ధం ఆడానని సరిపెట్టుకున్నాను. మా ఆయన నా వంక వింతగా చూశారు.

ఆ మోడలుది కొత్త గుండు దొరకలేదు. మెకానిక్కు తన దగ్గర పాత సామాన్ల డబ్బాలో వెతికి, వేరే బండిది ఒకటి తీసి, కడ్డీకి బిగించాడు. కడ్డీ పొడుగు కొంచెం తేడా. అందుకని దాన్ని వంచి, సరిచూసి, మళ్లీ వంచాలన్నాడు. ట్యాంకు బిగించాక ఐదైదు లీటర్లు కొలిచి పోస్తూ, ముల్లు ఎక్కడికి వస్తోందో గుర్తు పెట్టుకోవాలి. నేను క్యాబిన్లో కూర్చుని ముల్లున్న అద్దం మీద తెల్లకాగితం ముక్క అంటించి పెన్సిలుతో గీతలు గీశాను. మా ఆయన గరాటు పట్టుకుని పోశారు.

పని చేస్తున్నంతసేపూ నేను ఆయనకి పరీక్ష పెడుతూనే ఉన్నాను.

“ఇప్పటికి ఎంతయిందండీ?”

“పది.”

కాసేపాగి, “ఇప్పుడో?”

“పదిహేను.”

“ఇరవై కదా?”

“పదిహేనే.”

 నేను గీతలు లెక్కపెట్టాను, నాలుగున్నాయి. నాలుగైదులు ఇరవై. నోరెత్తకుండా మెకానిక్కు వంక చూశాను, చూశావా అన్నట్టు. అతను క్యాన్లు లెక్కపెట్టి, “బాబాయిగారే కరెక్టు, మూడే పోశాం. పిన్నిగారు ఖాళీ ట్యాంకుక్కూడా గీత గీశారు” అన్నాడు. ముప్పై ఏళ్లు ఎక్కాలు చెప్పినదాన్ని. మా ఆయన గరాటులోకి చూస్తూ నవ్వు ఆపుకున్నారు. మామూలు రోజైతే ఆ నవ్వుకి ఫలితం అనుభవించేవారు. ఆ రోజు నేను కూడా నవ్వి ఊరుకున్నాను, అది చూసి ఆయన నవ్వు ఆపేశారు.

రెండు గంటలు పట్టింది. ఖాళీ ట్యాంకుకి ముల్లు అడుక్కి దిగింది, సగానికి సగం దగ్గర నిలబడింది, నిండుకి ఒక వెంట్రుకవాసి తక్కువ. ఆ వెంట్రుకవాసి వదిలేయండి, అంత నిఖార్సయిన ముల్లు కొత్త బండ్లకీ ఉండదు అన్నాడు మెకానిక్కు. అతని చేతికి నేను మనసులోనే దండం పెట్టాను.

తిరుగు దారిలో చల్లపల్లి దాటాం. రోడ్డుకి రెండు పక్కలా వరి కోతకొచ్చి ఉంది. ముల్లు బుద్ధిగా నిండుకి కాస్త దిగువన నిలబడి ఉంది. నాకు ఉండబట్టలేదు.

“మనం ఈ బండి ఎవరి దగ్గర కొన్నామో గుర్తుందా అండీ?”

చెప్పారు. ఆ మనిషి ఇంటిపేరు, ఊరు, బండి తాళం ఇచ్చేటప్పుడు ఆయన కట్టుకున్న లుంగీ రంగు కూడా చెప్పారు.

“బండి తోలకముందు మీకున్న పడవకి ఏ రంగు వేశారు?”

“నీలం. అంచు పసుపు. నువ్వు అరిచావు, పసుపు పైన ఉండాలని.” ఆయన బండి వేగం తగ్గించారు. “ఏంటే ఇది? ఇన్‌స్పెక్షనా?”

 మోపిదేవికి ఇవతలే రోడ్డు పక్కకి తీసి బండి ఆపారు. ఇంజను కూడా ఆపేశారు.

“అన్నయ్యలాగా అయిపోతున్నాననుకుంటున్నావు కదా?”

నేను కిటికీ వైపు తిరిగాను.

“ఆ బెండు కట్టింది నేనేనే” అన్నారు.

తిరిగి చూశాను. ఆయన స్టీరింగు వంకే చూస్తూ చెప్పారు. “ట్యాంకు కడిగినప్పుడు పాత గుండు చిల్లుపడి ఉంది. బెండు కట్టా. ముల్లు పావు కిందకి దిగేది కాదు. పావంటే ఖాళీ అని నాకు తెలుసు కదా, దాన్ని చూసుకునే తోలేవాణ్ణి. తలకాయలో లెక్కలన్నీ ఒట్టివే. నాకు లెక్కలెక్కడొచ్చే? అది ఉబ్బుద్దని, సగం దగ్గర ఆగుద్దని నాకేం తెలుసు? ఆ రోజు పామర్రు దగ్గర సగం చూపిస్తంటే ఇంకా చాలా ఉందనుకున్నా.”

“మరి రోజూ బంకుల్లో ఎందుకు ఆపారు?”

“ముల్లుని నమ్మలేం, తలకాయలో ఏమీ లేదు. నిండుగా ఉంచుకోక ఏం చెయ్యను?”

ఆరు నెలల భయం ఒక్కసారిగా దిగిపోయింది. ముందు ఒళ్లంతా చల్లబడింది, వెంటనే మండింది. ఆరు నెలలు! సరస్వతి ఆకు కోసం నేను కాలవ గట్లు ఎక్కి దిగాను. రాత్రుళ్లు ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. మా తోడికోడలికి ఫోన్ చేసి, అక్కా మొదట్లో ఎలా ఉండేది అని అడిగాను. “చెప్పొచ్చు కదండీ! ఒక్క మాట చెబితే ఏం పోయేది?”

“ఈనె సంగతి నువ్వు చెప్పావా?”

“అదీ ఇదీ ఒకటేనా? నేను మీకు మతి పోయిందనుకున్నాను!”

“తెలుసు” అన్నారు ఆయన.

“తెలిసి?”

 పైరు మీద నుంచి గాలి వచ్చి అద్దం మీద నేను అంటించిన కాగితాన్ని రెపరెపలాడించింది.

“పామర్రు తర్వాత నువ్వు నన్ను తిట్టలేదు” అన్నారు. “పెళ్లయిన కాడి నుంచీ ఇన్ని రోజులు తిట్టకుండా ఉండటం ఇదే మొదలు. పక్కన కూచుని వేరుశనక్కాయలు ఒలిచిపెట్టావు. మెల్లగా మాట్లాడావు. బెండు సంగతి చెబితే అవన్నీ పోతాయనుకున్నా. మతి పోయిందనుకుంటే అనుకోనీలే అనుకున్నా.”

తిట్టాలనే నోరు తెరిచాను. మాటలన్నీ నాలిక చివరే ఉన్నాయి. కానీ వచ్చింది ఏడుపు, అది కూడా నాలుగు పొలాల అవతలికి వినబడేలా. గుప్పెడు వేరుశనక్కాయల కోసం, ఒక మెత్తటి మాట కోసం ఈ మనిషి పిచ్చివాడిగా ఉండటానికి కూడా ఒప్పుకున్నారు. ఇన్నేళ్లూ నేను ఇంట్లో ఎలాంటి మాటలు వడ్డించానో నాకప్పుడు తెలిసింది.

ఆయన కంగారుపడ్డారు. తువ్వాలు తీసి ఇచ్చారు. అది డీజిల్ కంపు కొడుతోంది.

“ఏడవమాకే. తిట్టు, పోనీ, తిట్టు” అన్నారు.

ప్రయత్నించాను. రాలేదు.